క్షయరోగమును చెవితో గుర్తించిన లెనెక్

వైద్యుడు రోగిని పరీక్షించునపుడు చెవులకు తగిలించుకొను స్టెతస్కోపును మనమందరము చూచియున్నాము. చిన్నపిల్లలు సైతము ఆటలో వైద్యుని వేషము వేయదలచినచో ముందుగా ఒక త్రాటిని మెడలో వేసికొని దానినే స్టెతస్కోపు అనుకొందురు. మనకింతగా పరిచితమైన ఈ సాధనము 1816వ సంవత్సరమునకు పూర్వము లోకమున లేదు. దానిని కనిపెట్టినవాడు ఫ్రాన్సు దేశీయుడగు రెనే లెనెక్. రొమ్ములో దాగియున్న క్షయరోగమును బ్రతికియున్న మనుష్యునియందే గుర్తించు మార్గమును అతడు వైద్యలోకమునకు చూపెను. తుదకు ఆ వ్యాధికే అతడు బలియయ్యెను.

లెనెక్ 1781వ సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీన ఫ్రాన్సు దేశపు పడమటి కొసనున్న బ్రిటనీ సీమలో, కెంపేర్ అను పట్టణమున జన్మించెను. అతని తండ్రి న్యాయవాది. అతనికి కవిత్వముపై నున్న మక్కువ కుటుంబభారముపై లేకుండెను. లెనెక్ అయిదేండ్ల పసివాడుగా నున్నపుడే తల్లి మరణించెను. ఆమెను కబళించినది క్షయ యేనని చెప్పుదురు. బిడ్డలను పెంచు శక్తి తండ్రికి లేకపోవుటచే లెనెక్, అతని తమ్ముడు బంధువుల పంచను చేరవలసివచ్చెను. కొంతకాలము మతాచార్యుడైన ఒక పినతండ్రి వద్ద పెరిగి, 1788లో వారు నాంత్ నగరమున వైద్యుడుగా నున్న మరియొక పినతండ్రి గియోం లెనెక్ ఇంటికి చేరిరి.

ఈ పినతండ్రియే లెనెక్ జీవితమునకు దారి చూపెను. ఆయన నాంత్ విశ్వవిద్యాలయమున పేరుగాంచిన ఆచార్యుడు, దయాళువు. ఆ యింట బాలుడు చదువునందును సంగీతమునందును సమానమైన ఆసక్తి కనబరచెను. పిల్లనగ్రోవి వాయించుట యన్న అతనికి ప్రాణము. ఇంతలో 1789లో ఫ్రెంచి విప్లవము చెలరేగెను. నాంత్ నగరము రక్తసిక్తమయ్యెను. వారి యింటి యెదుటి కూడలిలోనే నేరస్థులని నిందింపబడినవారి తలలు నరకు యంత్రమును నిలిపిరి. ఆ ఘోరమును కన్నులార చూచిన బాలునకు మనుష్యప్రాణము ఎంత విలువగలదో, ఎంత సులువుగా పోగలదో చిన్నతనముననే బోధపడెను. 1795లో, పదునాలుగేండ్ల ప్రాయమున, అతడు ఆ నగర వైద్యశాలలో రోగులకును గాయపడినవారికిని పరిచర్య చేయ నారంభించెను.

కుమారుడు వైద్యుడగుట తండ్రికి సమ్మతము కాలేదు. పై చదువునకు ధనము పంపుమని లెనెక్ పలుమార్లు ప్రాధేయపడి వ్రాయవలసివచ్చెను. అయినను అతడు పట్టు విడువక, 1801లో పారిసు నగరమునకు పోయి వైద్యవిద్యాలయమున చేరెను. పొట్టివాడు, బక్కపలుచనివాడు, చాలీచాలని డబ్బుతో బ్రతుకుచున్నవాడు. కాని రెండేండ్లు గడవకమునుపే, 1803లో, వైద్యమునందును శస్త్రవిద్యయందును ప్రథమ బహుమానములను అతడే గెలుచుకొనెను.

ఆ కాలమున వైద్యుల స్థితి ఎట్లుండెనో ఇచ్చట తెలిసికొనవలయును. వైద్యునకు రోగి శరీరము తాళము వేసిన యిల్లు వంటిది. లోపల ఏమి జరుగుచున్నదో చూచుటకు ఉపాయము లేదు. ఎక్స్ కిరణములు కనుగొనబడినది 1895లో గదా! రోగి చెప్పినది వినుట, ముఖము చూచుట, నాడి పట్టుట, ఇంతకంటె వైద్యులకు ఎక్కువ సాధనములు లేవు. దగ్గుచు చిక్కిపోవు వారినందరిని క్షయరోగులనుట, నిజముగా క్షయ సోకినను పుష్టిగా కనబడువారిని ఆరోగ్యవంతులనుట సామాన్యమైయుండెను. అసలు సంగతి చాలసార్లు రోగి మరణించిన పిమ్మట, శవపరీక్షలో మాత్రమే బయటపడెడిది.

లెనెక్ గురువులలో కోర్విసార్ అను ప్రసిద్ధ వైద్యుడుండెను. ఔవెన్‌బ్రుగ్గర్ అను ఆస్ట్రియా వైద్యుడు 1761లో ప్రకటించిన ఒక పద్ధతిని కోర్విసార్ ఆదరించి ప్రచారము చేసెను. మనవారు సంతలో కుండను కొనునపుడు వ్రేలితో తట్టి, పలుకునుబట్టి దాని మంచిచెడ్డలు తెలిసికొందురు. అటులనే రోగి రొమ్మును వ్రేళ్లతో తట్టి, అచ్చట గాలి యున్నదో నీరు చేరినదో గుర్తించుట ఆ పద్ధతి. శిష్యుడు దానిని శ్రద్ధతో అభ్యసించెను. శరీరము చెప్పు సంగతులను చెవితో తెలిసికొనవచ్చునను భావము అతని మనస్సులో అప్పుడే నాటుకొనెను.

శవపరీక్షలలో లెనెక్ మిక్కిలి నేర్పు సంపాదించెను. క్షయరోగుల శరీరములలో చిన్న చిన్న బొడిపెలు కనబడెడివి. కొన్ని గట్టిగా బూడిదరంగున నుండెడివి. కొన్ని పసుపువన్నెకు తిరిగి జున్నువలె మెత్తబడెడివి. కొన్ని కరగి, ఊపిరితిత్తులలో గుంటలుగా మిగిలెడివి. ఇవి వేరువేరు వ్యాధులని పలువురు పెద్దలు తలచుచుండిరి. లెనెక్ ప్రియమిత్రుడగు బేల్ అను వైద్యుడు క్షయను ఆరు విధములుగా విభజించెను. లెనెక్ వందలకొలది శరీరములను పరిశీలించి, ఇవి ఆరు వ్యాధులు కావనియు, ఒకే బొడిపె పుట్టి, పెరిగి, మెత్తబడి, కరగిపోవు వరకు పొందు దశలనియు నిశ్చయించెను. ఆ బొడిపెలు ఊపిరితిత్తులలోనే కాక శరీరములోని ఇతర అవయవములలోను పుట్టవచ్చుననియు, ఎచ్చట పుట్టినను వ్యాధి ఒక్కటేయనియు అతడు బోధించెను.

ఈ పరిశోధన ప్రమాదరహితమైనది కాదు. యౌవనమున ఒకమారు క్షయ సోకిన వెన్నుపూసను రంపముతో కోయుచుండగా అతని ఎడమచేతి చూపుడువ్రేలికి గాయము తగిలెను. కొలది దినములకు అచ్చట ఒక బొడిపె లేచెను. దానిని మందుతో కాల్చి మాన్పుకొనెను. క్షయ అతని ఇంటిని కూడ విడువలేదు. 1810లో తమ్ముడు, 1816లో మిత్రుడు బేల్ ఆ వ్యాధితోనే కన్నుమూసిరి. ఎవరిని గూర్చి లెనెక్ పరిశోధించుచుండెనో ఆ శత్రువు అతని ఆప్తులను ఒక్కొక్కరినే తీసికొనిపోవుచుండెను.

1816లో లెనెక్ పారిసు నగరమునందలి నెకేర్ వైద్యశాలలో వైద్యుడుగా నియమింపబడెను. ఆ సంవత్సరముననే ఒక యువతి గుండెజబ్బు లక్షణములతో అతని కడకు వచ్చెను. ఆమె స్థూలకాయ యగుటచే తట్టి చూచినను, చేయి ఉంచి చూచినను ఏమియు తెలియలేదు. రొమ్ముపై చెవి యానించి వినవచ్చును. కాని ఆమె వయస్సులోనున్న స్త్రీ. అట్లు చేయుట మర్యాద కాదని అతడు సంకోచించెను. వెంటనే అతనికి ఒక సంగతి జ్ఞప్తికి వచ్చెను. పొడవైన దూలము ఒక కొసను గుండుసూదితో గీచినచో, రెండవ కొసకు చెవి యానించినవారికి ఆ శబ్దము స్పష్టముగా వినబడును. లూవ్రు ప్రాసాదపు ప్రాంగణమున పిల్లలు అట్లు ఆడుకొనుచుండగా అతడు చూచెనని తరువాతివారు ఒక కథ చెప్పుదురు.

లెనెక్ అచ్చటనున్న కాగితములను గట్టిగా గొట్టమువలె చుట్టి, ఒక కొసను రోగి రొమ్ముపై నుంచి, రెండవ కొసను తన చెవికి చేర్చెను. అతని ఆశ్చర్యమునకు మేరలేదు. చెవి యానించి వినుటకంటె ఎంతో స్పష్టముగా ఆమె గుండె చప్పుడు వినబడెను! మర్యాదకొరకు పడిన సంకోచమే ఒక మహావిషయమునకు దారి తీసెను.

మరియొకడైనచో అంతటితో తృప్తిపడియుండును. లెనెక్ అట్లు కాదు. కాగితము, గాజు, లోహము, కొయ్య మున్నగువానితో గొట్టములు చేసి పరీక్షించి, తేలికపాటి కొయ్యయే శ్రేష్ఠమని నిర్ణయించెను. కొయ్యను గుండ్రముగా త్రిప్పి నునుపుచేయు తరిమెన అతని యింటనే యుండెను. పిల్లనగ్రోవి వాయించు ఆ చేతులే తరిమెనపై రమారమి ఒక అడుగు పొడవుగల కొయ్యగొట్టమును తయారుచేసెను. దానికి స్టెతస్కోపు అని పేరిడెను. గ్రీకు భాషలో దానికి రొమ్మును చూచునది యని అర్థము. చెవితో విను సాధనమునకు చూచునది యని పేరుంచుట వింతగా తోచవచ్చును. కాని లెనెక్ నిజముగా చెవితోనే లోపలి దృశ్యమును చూడగోరెను.

తరువాత మూడేండ్లు అతడు చేసిన తపస్సు అసామాన్యమైనది. ప్రతిదినము రోగుల శయ్యలవద్ద కూర్చుండి, గొట్టముతో విన్న ప్రతి శబ్దమును వ్రాసికొనెడివాడు. రోగి మరణించినచో శవపరీక్షలో ఆ చోటును చూచి, ఏ శబ్దమునకు ఏ వికారము కారణమో సరిచూచుకొనెడివాడు. ఊపిరితిత్తుల వాపునందు వినబడు శబ్దము, వేడి మూకుడులో ఉప్పు వేసినపుడు కలుగు చిటపట ధ్వనివలె నుండునని గుర్తించెను. క్షయచేత ఊపిరితిత్తిలో గుంట పడినచోట రోగి మాటాడినపుడు ఆ మాట నోటినుండి కాక రొమ్మునుండియే గొట్టము గుండా నేరుగా చెవిలోనికి వచ్చినట్లు తోచును. ఈ గుర్తు తెలిసినతోడనే, పైకి ఆరోగ్యముగా కనబడువానియందు సైతము లోపల పొంచియున్న క్షయను పట్టుకొనుట సాధ్యమయ్యెను.

1819లో ఈ సంగతులన్నింటిని రెండు సంపుటముల గ్రంథముగా లెనెక్ ప్రకటించెను. గ్రంథముతోపాటు కొయ్యగొట్టమును కూడ కొనువారికి అమ్మిరి. కొందరు వైద్యులు దానిని చూచి నవ్విరి. సకలరోగములకు తాపమే మూలమనియు, జలగలు పట్టించి రక్తము తీయుటయే మందనియు వాదించు బ్రూసే అను పలుకుబడిగల వైద్యుడు లెనెక్‌ను తీవ్రముగా ఎదిరించెను. వ్యాధిని గుర్తించి ఏమి ప్రయోజనము, మందు లేదు గదా యని ఆక్షేపించినవారును కలరు. ఆ ఆక్షేపణలో కొంత నిజము లేకపోలేదు. ఆనాడు క్షయకు నిజముగా మందు లేదు. అయినను క్షయ కానివానికి క్షయ యని మరణశిక్ష విధింపకుండుట మేలు కాదా? శత్రువు ఉన్న చోటు తెలియనిచో రేపైనను అతనిని జయించుట ఎట్లు? లెనెక్ వాదములతో పొద్దు పుచ్చక, రోగుల శయ్యలవద్దనే తన జవాబును వెదకెను.

అతిశ్రమ అతని శరీరమును క్రుంగదీసెను. గ్రంథము వెలువడిన ఏడాదియే ఆరోగ్యము చెడి, అతడు పారిసు విడిచి బ్రిటనీలో సముద్రమునకు చేరువనున్న కెర్లువార్నెక్ అను తన పల్లెటూరి యింటికి పోయెను. ఆ పల్లెవారి భాష ఫ్రెంచి కాదు, బ్రెటన్. పూర్వము 1814లో యుద్ధమునుండి జబ్బుపడి వచ్చిన బ్రిటనీ సైనికులకు పారిసులో తమ భాష తెలిసిన వైద్యుడు లేక అల్లాడుచుండగా, లెనెక్ వారిని తన సంరక్షణలోనికి తీసికొని వారి భాషలోనే పలుకరించి ఊరడించెను. అట్టివానిని పల్లెవారు తమవానిగా భావించుటలో వింత లేదు. పొలముగాలి అతనికి కొంత స్వస్థత కలిగించెను. 1821లో అతడు తిరిగి పారిసు చేరెను. మరుసటి సంవత్సరము ఫ్రాన్సు కళాశాలలో ఆచార్యపదవి లభించెను. పిదప షారితే వైద్యశాలలో అతడు రోగులను పరీక్షించు విధమును చూచి నేర్చుకొనుటకు దేశదేశములనుండి విద్యార్థులు వచ్చిరి. నవ్వినవారి శిష్యులే కొయ్యగొట్టములు పట్టుకొని తిరుగ సాగిరి.

ఇంతటి మేధావి కూడ కొన్నియెడల పొరబడెను. క్షయ ఒకరినుండి యొకరికి అంటునన్న సంగతి అతనికి నిశ్చయముగా తెలియదు. దీర్ఘమైన దుఃఖమే దానికి ముఖ్యకారణమని అతడు తలచెను. తన వ్రేలి గాయము చెప్పిన పాఠమును అతడు పూర్తిగా చదువలేకపోయెను. తన దగ్గును, ఆయాసమును కూడ చాలకాలము వేరొక జబ్బుగా భావించెను. ఇతరుల రొమ్ములోని రహస్యమును వినగలిగిన చెవి తన రొమ్మును వినజాలదు గదా!

1826 వసంతమున, తన గ్రంథమును సరిదిద్ది రెండవ ముద్రణము వెలువరించునప్పటికి, అతనికి జ్వరము, దగ్గు మిక్కుటమయ్యెను. మెరియదెక్ అను యువకుడు అతనికి వరుసకు తమ్ముని వంటివాడైనను, మేనల్లునివలె ఆదరము పొందిన శిష్యుడు, తానును వైద్యుడు. లెనెక్ స్టెతస్కోపును అతని చేతికిచ్చి, తన రొమ్మును పరీక్షించి, వినబడినది దాచక చెప్పుమని కోరెను. ఆ యువకుడు విన్న శబ్దములను ఒక్కొక్కటిగా వర్ణింపసాగెను. వానిని మొట్టమొదట లోకమునకు వర్ణించి చెప్పినవాడు లెనెక్ యే. ఇక సందేహమునకు తావు లేకపోయెను. తాను చేసిన గొట్టమే తనకు తీర్పు చెప్పెను. ఆ తీర్పును అతడు కాదనలేదు.

మే నెలాఖరున అతడు భార్యతో పారిసు విడిచి స్వగ్రామమునకు ప్రయాణమయ్యెను. తన పుస్తకములను, పత్రములను మెరియదెక్‌కు వ్రాసియిచ్చుచు, వానితోపాటు స్టెతస్కోపును కూడ ఇచ్చి, తానిచ్చు ఆస్తిలో శ్రేష్ఠమైన భాగము అదియేయని మరణశాసనమున పేర్కొనెను. 1826 ఆగస్టు 13వ తేదీన అవసానము సమీపించినపుడు లెనెక్ తన వ్రేళ్లనుండి ఉంగరములను తానే ఒక్కొక్కటిగా తీసి బల్లపై నుంచెను. కొలది గడియలలో ఆ పని వేరొకరు చేయవలసివచ్చుననియు, ఆ బాధ తన వారికి లేకుండవలెననియు అతని తలంపు. ఆ దినముననే, 45 ఏండ్ల వయస్సున, అతడు తుదిశ్వాస విడిచెను.

అతని బోధ అతనితో అంతరింపలేదు. క్షయ ఏ అవయవమును పట్టినను వ్యాధి ఒక్కటే యన్న సిద్ధాంతమును తరువాత కొందరు గొప్ప పండితులు అంగీకరింపలేదు. కాని 1882 మార్చి 24వ తేదీన జర్మనీ శాస్త్రజ్ఞుడు రాబర్టు కోచ్ బెర్లిను నగరమున క్షయక్రిమిని లోకమునకు చూపెను. ఊపిరితిత్తులలోని బొడిపెలలోను, ఇతర అవయవములలోని బొడిపెలలోను ఉన్నది ఆ ఒక్క క్రిమియే. లెనెక్ మాట నిజమని తేలెను. 1940వ దశకమున స్ట్రెప్టోమైసిను, ఆ పిదప మరికొన్ని మందులు వచ్చుటతో క్షయ నయము కాదగిన వ్యాధియయ్యెను. మన మదనపల్లె సమీపమునందలి ఆరోగ్యవరమువంటి చికిత్సాలయములలో రోగులు నెలల తరబడి విశ్రమించిన కాలము పోయి, ఇంటివద్దనే మందులు పుచ్చుకొని బాగుపడవచ్చునని 1956లో మద్రాసున ప్రారంభమైన పరిశోధనలు నిరూపించెను.

అయినను వ్యాధిని ముందుగా గుర్తించు కష్టము నేటికిని తీరిపోలేదు. క్షయ అరుదుగా క్లోమగ్రంథిని పట్టుట కలదు. ఆ గ్రంథి జీర్ణకోశము వెనుక, వెన్నెముకకు ముందు, కడుపులో మిక్కిలి లోతుగా నుండును. అచ్చట క్షయ సోకినచో కడుపునొప్పి, జ్వరము, చిక్కిపోవుట, ఒక్కొక్కప్పుడు కామెర్లు కనబడును. పటములు తీసి చూచినను అచ్చట ఒక గడ్డ యున్నదని మాత్రమే తెలియును. అది క్యాన్సరు వలెనే కనబడును. క్యాన్సరని భ్రమించి శస్త్రచికిత్స చేసిన పిదప, అది క్షయ యని బయటపడిన సందర్భములును కలవు. లెనెక్ కొయ్యగొట్టము అంత లోతునకు అందదు. అందుచే నేటి వైద్యులు గొంతు గుండా ఒక సన్నని గొట్టమును జీర్ణకోశములోనికి దింపుదురు. దాని కొసనుండి మన చెవికి వినరాని శబ్దతరంగములను పంపి, వాని ప్రతిధ్వనులచే ఏర్పడిన చిత్రములో ఆ గడ్డను చూచుచు, సన్నని సూదితో దానినుండి కొంచెము తీయుదురు. సూక్ష్మదర్శినితో అందలి బొడిపెలను చూచి, క్షయక్రిమి కొరకు పరీక్షలు జరుపుదురు. క్షయ యని నిశ్చయమైనచో కత్తితో పనిలేక, నెలల తరబడి క్రమముగా మందులు వాడియే చాలమంది స్వస్థులగుదురు. ఒక గొట్టము, కొంత శబ్దము, ఊహను నమ్మక ఋజువును వెదకు ఓర్పు! లెనెక్ వేసిన బాట ఇంత దూరము సాగినది.

లెనెక్ తన జీవితమున ఒక్క క్షయరోగినైనను మందుతో బ్రతికింపలేకపోయెను. తన్ను తాను కూడ రక్షించుకొనలేకపోయెను. అయినను నేడు క్షయనుండి బయటపడుచున్న ప్రతి రోగియు అతనికి ఋణపడియున్నాడు. ఏలనన, సత్యము అప్రియమైనను చెవియొగ్గి వినవలెనని, విన్నదానిని ఋజువుతో సరిచూచుకొనవలెనని, తన విషయమున సైతము ఆ నియమమును తప్పరాదని అతడు నేర్పెను. ఇకమీదట వైద్యుడు మన రొమ్ముపై స్టెతస్కోపు నుంచి, ఊపిరి గట్టిగా పీల్చుమని చెప్పినపుడు, కాగితములను గొట్టముగా చుట్టి తొలిసారి ఆ చప్పుడు విన్న ఆ బక్కపలుచని వైద్యుని ఒక్క నిమిషము తలచుకొందము.